‘ఊరికే సంతకమే సార్’ అని అడిగితే: ఇండిపెండెంట్ డైరెక్టర్ అయ్యే ముందు, అయ్యాక ఏం చేయాలి

ఆదోనిలో జిన్నింగ్ మిల్లు, తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ, ప్రొద్దుటూరులో నూనె మిల్లు, నంద్యాలలో విత్తనాల కంపెనీ. మన వైపు వ్యాపారాలు చాలావరకు అన్నదమ్ములు, బావమరుదులు కలిసి పెంచుకున్నవే. వాటిలో కొన్ని పెద్దవై పబ్లిక్ లిమిటెడ్ అవుతాయి. బోర్డులో ఇద్దరు ఇండిపెండెంట్ డైరెక్టర్లు, అంటే యజమాని కుటుంబంతో గానీ వ్యాపారంతో గానీ సంబంధం లేని బయటి డైరెక్టర్లు ఉండాలని, లేకపోతే ఇబ్బంది వస్తుందని ఒకరోజు ఆడిటర్ చెప్తాడు. యజమాని ఊళ్లో మంచి పేరున్నవాళ్ల కోసం వెతుకుతాడు. రిటైరైన బ్యాంకు మేనేజరు, కాలేజీ ప్రిన్సిపాల్, కరెంటు డిపార్ట్‌మెంటులో ఎస్ఈగా చేసినాయన. పండ్ల బుట్ట పట్టుకుని ఇంటికొస్తాడు. “మీరేం చేయబన్లేదు సార్, మూడు నెల్లకొకసారి వచ్చి కూర్చుంటే సాలు. ఊరికే సంతకమే” అంటాడు.

ఆ పండ్ల బుట్ట మీ ఇంటికే వచ్చిందనుకోండి. అక్కడికక్కడే సరే అనకండి, కాదని కూడా అనకండి. “పది రోజులు టైమియ్యి నాయనా, చూసి చెప్తా” అనండి. ఆ పది రోజుల్లో ఏం చూడాలో, ఒప్పుకున్నాక బోర్డులో ఎలా నడుచుకోవాలో కింద చెప్తున్నాను.

మిమ్మల్నే ఎందుకు అడిగారో తెలుసుకోండి

2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఇండిపెండెంట్ డైరెక్టర్లు అక్కర్లేదు. స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన కంపెనీకి బోర్డులో కనీసం మూడో వంతు మంది ఉండాలి. లిస్టు కాని పబ్లిక్ కంపెనీ అయితే పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం) 10 కోట్లకు చేరినా, టర్నోవరు 100 కోట్లకు చేరినా, అప్పులూ డిపాజిట్లూ కలిపి 50 కోట్లు దాటినా కనీసం ఇద్దరు ఉండాలి. మీ దగ్గరికొచ్చిన కంపెనీ ఇందులో ఏ గీత దాటిందో నేరుగా అడగండి.

జవాబును బట్టి మీ పని మారుతుంది. టర్నోవరు పెరిగి వచ్చారంటే వ్యాపారం నడుస్తోందని అర్థం. అప్పు 50 కోట్లు దాటినందుకు వచ్చారంటే ముందు ఆ అప్పు కథ వినాలి. ఎస్ఎంఈ ఐపీఓకు (చిన్న కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి) వెళ్లబోతూ వచ్చారంటే, రేపు ప్రాస్పెక్టస్‌లో మీ పేరు చూసి ముక్కూమొహం తెలియనివాళ్లు డబ్బు పెడతారు. మూడింట్లో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం.

మీరు నిజంగా ఇండిపెండెంటేనా?

చట్టంలో సెక్షన్ 149(6) దీనికి కొలతలు పెట్టింది. మీరు ప్రమోటర్ (కంపెనీ పెట్టి, తన చేతిలో నడిపించే మనిషి) కాకూడదు, ప్రమోటర్లకూ డైరెక్టర్లకూ బంధువు కాకూడదు. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ కంపెనీ ఉద్యోగిగా గానీ, దాని ఆడిట్ సంస్థలో భాగస్వామిగా గానీ ఉండకూడదు. ఈ ఏడాదీ, గత రెండేళ్లూ కంపెనీతో మీకు డబ్బు లావాదేవీ ఉంటే అది మీ మొత్తం ఆదాయంలో 10 శాతం దాటకూడదు. మీకూ మీ బంధువులకూ కలిపి 2 శాతం ఓటింగ్ హక్కు ఉండకూడదు.

ఇక్కడొక తిరకాసు ఉంది. చట్టం దృష్టిలో బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబ సభ్యులు. వియ్యంకుడు ఈ జాబితాలో లేడు. మేనమామా లేడు, షడ్డకుడూ లేడు. అంటే మీ వియ్యంకుడి కంపెనీకి మీరు కాగితం మీద ఇండిపెండెంట్ డైరెక్టర్ కావచ్చు. కానీ కూతుర్ని ఇచ్చిన ఇంటాయన బోర్డు మీటింగులో ఒక తీర్మానం పెడితే, “ఇది నాకు నచ్చలేదు బావా” అని మీరు అనగలరా? మన వైపు అనలేం. అనలేని చోట ఒప్పుకోకండి. చట్టం పెట్టిన పరీక్ష కంటే ఇది గట్టి పరీక్ష.

రిటైర్డ్ బ్యాంకు మేనేజర్లకు ఇంకో మాట. ఆ కంపెనీ అప్పు లిమిట్లు ఒకప్పుడు శాంక్షన్ చేసింది మీరే అయితే, బ్యాంకుతో మాట్లాడి పెట్టడానికే పిలుస్తున్నారేమో చూసుకోండి. మొదటి మీటింగ్ అయ్యాక “మన పాత బ్రాంచికి ఒక్క ఫోన్ కొట్టండి సార్” అన్న మాట వచ్చిందంటే మిమ్మల్ని దేనికి తెచ్చుకున్నారో తెలిసిపోయినట్టే.

కాగితాల పని

ఇది పెద్ద కష్టం కాదు, వరుసగా చేసుకుంటూ పోవచ్చు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ కింద పనిచేసే ఐఐసీఏ సంస్థ ఇండిపెండెంట్ డైరెక్టర్ల డేటాబ్యాంక్ నడుపుతోంది. 2019 డిసెంబరు నుంచి అందులో పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి, అదీ నియామకానికి ముందే. నమోదు చేసుకున్నాక రెండేళ్లలోపు ఆన్‌లైన్ పరీక్ష పాసవ్వాలి. 50 శాతం మార్కులు చాలు, ఎన్నిసార్లయినా రాయొచ్చు, ఇంట్లో కూర్చునే రాయొచ్చు. పదేళ్లు ప్రాక్టీసు చేసిన చార్టర్డ్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు, కాస్ట్ అకౌంటెంట్లు, వకీళ్లకు పరీక్ష అక్కర్లేదు. మినహాయింపు ఉన్నా ఒకసారి చదువుకుని రాయండి, చట్టం మొత్తం ఒక చుట్టు తిరిగినట్టవుతుంది.

డీఐఎన్ నంబరు (డైరెక్టర్లకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), సమ్మతి పత్రం డీఐఆర్-2, అనర్హత ఏదీ లేదని చెప్పే డీఐఆర్-8, మీకు వేరే ఎక్కడెక్కడ ఆసక్తులున్నాయో చెప్పే ఎంబీపీ-1, ఇండిపెండెంట్‌నేనని డిక్లరేషన్. ఇవన్నీ కంపెనీ సెక్రటరీ తయారుచేసి తెస్తాడు. చదివి సంతకం పెట్టండి, ప్రతి దానికీ ఒక జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. డిక్లరేషన్‌ను ప్రతి ఆర్థిక సంవత్సరం మొదటి బోర్డు మీటింగులో మళ్లీ ఇవ్వాలి.

ఆ పది రోజుల్లో చూడాల్సినవి

కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటు ఎంసీఏ పోర్టల్లో 100 రూపాయలు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలన్నీ తెరిచి చూసుకోవచ్చు. ముందు గత మూడేళ్ల ఆడిటర్ రిపోర్టులు చదవండి. బ్యాలెన్స్ షీట్ తర్వాత చూడొచ్చు.

ఆ రిపోర్టు వెనక ‘కారో’ అనే అనుబంధం ఉంటుంది. 2020 నాటి ఆదేశం ప్రకారం, వర్కింగ్ క్యాపిటల్ లిమిట్లు 5 కోట్లు దాటిన కంపెనీ మూడు నెలలకోసారి బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లు పుస్తకాల్లోని లెక్కతో సరిపోతున్నాయో లేదో ఆడిటర్ అందులో రాయాలి. సరిపోలేదని రాసి, పక్కనే తేడా పట్టిక ఇచ్చారంటే ఆ పట్టిక ముందు ఒక అరగంట కూర్చోండి. పుస్తకాల్లో 22 కోట్ల సరుకు ఉంటే బ్యాంకుకు 31 కోట్లని చూపించారనుకోండి, డ్రాయింగ్ పవర్ (సరుకును బట్టి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) కోసం లేని సరుకు చూపించారన్న అనుమానం సహజంగా వస్తుంది. బ్యాంకులో పనిచేసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆడిటర్ మధ్యలో ఎందుకు మారాడో చూడండి. రాజీనామా చేసిన ఆడిటర్ ఏడీటీ-3 ఫారంలో కారణం రాస్తాడు. చాలామంది ‘ఇతర పనుల ఒత్తిడి’ అనే రాస్తారు. అలాంటప్పుడు ఆయనకే ఫోన్ చేయండి, కర్నూలు కడపల్లో చార్టర్డ్ అకౌంటెంట్ల ఆచూకీ దొరకడం కష్టమేం కాదు. నోటితో ఏమీ చెప్పకపోయినా, ‘మంచి కంపెనీ సార్, చేరండి’ అనే మాట ఆయన నోట ఎంత తొందరగా వచ్చిందో గమనించండి. మీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చుని వెళ్లిపోయిన ఇండిపెండెంట్ డైరెక్టర్ ఉంటే ఆయన్నీ కలవండి.

తర్వాత ఫ్యాక్టరీకి వెళ్లండి. జిన్నింగ్ మిల్లయితే దసరా దాటాక, సీజన్ నడుస్తున్నప్పుడు వెళ్లాలి. వేసవిలో వెళ్తే ఖాళీ షెడ్లు, తాళాలు కనిపిస్తాయి. యజమాని చూపించేది చూశాక కాటా దగ్గర కాసేపు నిలబడి, పత్తి తెచ్చిన రైతునో లారీ డ్రైవరునో డబ్బులు ఎన్ని రోజులకు ఇస్తున్నారని అడగండి. బోర్డు రూములో ఆరు నెలలు కూర్చున్నా తెలియని సంగతి అక్కడ ఒక్క మాటలో తెలుస్తుంది.

ఒప్పుకునే ముందు రాయించుకోవాల్సినవి

నియామక పత్రం ఇవ్వాలని చట్టమే చెప్తోంది. మామూలుగా ఒక నమూనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటారు. అందులో మీకు కావాల్సినవి చేర్చమనండి. ఎజెండా, దానికి సంబంధించిన కాగితాలు ఏడు రోజుల ముందే మీకు చేరాలి. ఆడిటర్‌తోనూ, అకౌంట్స్ చూసే మనిషితోనూ యజమాని లేకుండా నేరుగా మాట్లాడే హక్కు ఉండాలి. నెలకోసారి ఒక పేజీ లెక్క రావాలి: అమ్మకాలు, చేతిలో సరుకు, రావాల్సిన బాకీలు, బ్యాంకు లిమిట్ ఎంత వాడారు, జీఎస్టీ, పీఎఫ్ కట్టారా లేదా. పేజీ దాటక్కర్లేదు.

డైరెక్టర్లకు ఇన్సూరెన్స్ తీసుకుంటారా అని కూడా అడగండి. మార్కెట్ విలువలో మొదటి 1000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దీన్ని తప్పనిసరి చేసింది. మన ఊరి కంపెనీకి తప్పనిసరి కాకపోవచ్చు, అడిగితే తప్పు లేదు.

ఫీజు విషయంలో మొహమాటం వద్దు. ఒక మీటింగుకు లక్ష రూపాయల దాకా సిట్టింగ్ ఫీజు ఇవ్వొచ్చని నియమం ఉంది. చిన్న కంపెనీలు వేలల్లోనే ఇస్తాయి. ఎంతిచ్చినా తీసుకోండి, తీసుకుంటేనే అది పని అవుతుంది, లేకపోతే యజమానికి చేసిన ఉపకారంగా మిగిలిపోతుంది. స్టాక్ ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) మాత్రం ఇండిపెండెంట్ డైరెక్టరుకు ఇవ్వకూడదు.

రెండు పనులు ఎవరు అడిగినా చేయకండి: కంపెనీ చెక్కుల మీద సంతకం పెట్టడం, బ్యాంకు లోనుకు పర్సనల్ గ్యారంటీ ఇవ్వడం. చెక్కు బౌన్సయితే సంతకం పెట్టినవాళ్ల పేరే కేసులో ముందుంటుంది. గ్యారంటీ ఇచ్చారంటే మీ ఇల్లు తాకట్టులో ఉన్నట్టే, ఇక ఇండిపెండెంట్ ఎక్కడ?

బోర్డులో కూర్చున్నాక

మొదటి మీటింగుకు వెళ్లేసరికి ఒకరు ఉగ్గాని, బజ్జీ ప్లేటు చేతికిస్తారు, ఇంకొకరు ఎజెండా ఫైలు బల్ల మీద పెడతారు. రెండూ ఒకేసారి వచ్చాయంటే ఎజెండా ముందే పంపలేదని అర్థం. ఉగ్గాని తినండి, ఫైలు మాత్రం మూసిపెట్టి “కాగితాలు ముందే పంపండి, పైసారి చూద్దాం” అని నవ్వుతూనే చెప్పండి. ఏడు రోజుల నోటీసు లేకుండా అర్జంటుగా మీటింగ్ పెడితే కనీసం ఒక ఇండిపెండెంట్ డైరెక్టర్ హాజరు కావాలి. లేదంటే ఆ తీర్మానాలు అందరికీ పంపి, కనీసం ఒక ఇండిపెండెంట్ డైరెక్టర్ ఆమోదించాకే ఖాయమవుతాయి. మీ చేతిలో ఉన్న బలం ఇది.

మీటింగ్ లేకుండా కాగితం తిప్పి సంతకాలు తీసుకునే సర్క్యులర్ తీర్మానాలు ఇంకో దారి. దాన్ని మీటింగులోనే చర్చించాలని బోర్డులో మూడో వంతు మంది అడిగితే పెట్టాల్సిందే. ఆరుగురి బోర్డులో మీరిద్దరు ఇండిపెండెంట్లు కలిస్తే మూడో వంతు అయిపోతుంది. అప్పు తేవడం, ఏడాది లెక్కలు ఆమోదించడం లాంటివి అసలు సర్క్యులర్ మీద చేయకూడదు. “ఇంటికి మనిషిని పంపిస్తాం సార్, ఒక సంతకం” అని ఫోనొస్తే ఏ తీర్మానమో ముందు అడగండి.

ఇక అసలు చోటికి వద్దాం. కుటుంబ కంపెనీలో డబ్బు జారిపోయేది ఎక్కువగా బంధువుల లావాదేవీల్లోనే. ఒక జిన్నింగ్ మిల్లు లెక్క తీసుకుందాం, అంకెలు ఉదాహరణ కోసమే. ఏడాదికి లక్షా ముప్పై వేల క్వింటాళ్ల పత్తి ఆడించే మిల్లు. క్వింటా పత్తికి సుమారు 34 కిలోల దూది, 63 కిలోల దాకా గింజ వస్తుంది, మిగిలింది చెత్త, తరుగు. ఆ లెక్కన గింజ 80 వేల క్వింటాళ్లు పైనే. ఈ గింజ మొత్తం యజమాని బావమరిది నూనె మిల్లుకు పోతోంది. మార్కెట్లో క్వింటా 3,500 ఉన్న రోజుల్లో 3,200కి వేశారనుకోండి. క్వింటాకు 300 చొప్పున రెండు కోట్ల నలభై లక్షలు. వంద కోట్ల టర్నోవరున్న జిన్నింగ్ మిల్లుకు ఏడాది లాభం రెండు కోట్లు వస్తే గొప్ప. అంటే కంపెనీ లాభం కంటే ఎక్కువ సొమ్ము ఒక్క ధర తేడాలో పక్కింటికి పోయింది. వాటాదారుల్లో ఉన్న మేనత్త కొడుక్కి గానీ, అప్పిచ్చిన బ్యాంకుకు గానీ ఇది కనబడదు.

దీన్ని పట్టుకోవడానికి చార్టర్డ్ అకౌంటెంటే కానక్కర్లేదు. బావమరిది మిల్లుకు వేసిన బిల్లులు తేదీలవారీగా తెప్పించుకోండి. అవే తేదీల్లో బయటివాళ్లకు అమ్మిన బిల్లులు గానీ, మార్కెట్ ధర గానీ పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఎందుకని అడగండి. కొన్నిసార్లు న్యాయమైన జవాబే ఉంటుంది: ఆయన వెంటనే డబ్బు కడతాడు, బయటివాళ్లు 45 రోజులు తిప్పుతారు అని. అయితే బాకీల జాబితా తీసి ఆయన నిజంగా వెంటనే కడుతున్నాడా చూడండి. ఆయన దగ్గరే ఎనిమిది నెలల బాకీ నిలిచి ఉంటే ఆ జవాబు నిలవదు.

దూది శాతం కూడా అడగండి. చుట్టుపక్కల మిల్లుల్లో 34 వస్తుంటే ఇక్కడ 33 అని రాశారనుకోండి. వినడానికి ఒక్క శాతమే. లక్షా ముప్పై వేల క్వింటాళ్ల మీద అది లక్షా ముప్పై వేల కిలోల దూది, 170 కిలోల బేళ్లలో చెప్పాలంటే 760 పైచిలుకు. తేమ ఎక్కువుండొచ్చు, నాసిరకం పత్తి కొనుండొచ్చు, బిల్లు లేకుండా బేళ్లు బయటికి పోయి ఉండొచ్చు. ఏదైనా సరే బోర్డుకు తెలియాలి. బండల ఫ్యాక్టరీ అయితే క్వారీ నుంచి వచ్చిన రాయికీ అమ్మిన చదరపు అడుగులకూ, నూనె మిల్లయితే గింజకూ నూనెకూ ఇలాంటి లెక్కే ఉంటుంది. ప్రతి వ్యాపారంలో ఒక అంకె ఉంటుంది, అది కదిలిందంటే ఏదో జరిగినట్టే. మీ కంపెనీలో ఆ అంకె ఏదో మొదటి ఏడాదిలోనే పట్టుకోండి.

బంధువుల లావాదేవీల్లో పెద్దవి వాటాదారుల ఓటుకు వెళ్లాలని, సంబంధం ఉన్నవాళ్లు అందులో ఓటు వేయకూడదని చట్టంలో ఉంది. కానీ వాటాదారుల్లో 90 శాతం మంది ప్రమోటర్ల బంధువులో, సంబంధితులో అయిన కంపెనీకి ఆ ఓటు నిషేధం వర్తించదు. మన కుటుంబ కంపెనీలు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. అక్కడ మిగిలిన జల్లెడ ఆడిట్ కమిటీ, అంటే లెక్కలు చూసే బోర్డు ఉపసంఘం ఒక్కటే. అందులో కనీసం ముగ్గురు సభ్యులు, ఎక్కువమంది ఇండిపెండెంట్లు. అంటే మీరూ, మీతోపాటు వచ్చిన ఇంకొకరూ.

ఆడిటర్‌ను ఒంటరిగా కలవండి

మన తెలుగువాళ్ల కంపెనీయే కాబట్టి సత్యం కథ అందరికీ గుర్తుంటుంది. ఆ బోర్డులో సగానికి పైగా ఇండిపెండెంట్ డైరెక్టర్లే. హైదరాబాదులోని బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్, ఐఐటీ మాజీ డైరెక్టర్, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి, అందరూ ఉద్దండులే. 2008 డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదనకు ఆ బోర్డు ఒప్పుకుంది. ఇన్వెస్టర్లు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు లేనేలేవని బయటపడింది.

అందుకే ఆడిటర్‌ను కలిసినప్పుడు మొదటి ప్రశ్న ఇది: బ్యాంకు నిల్వలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నట్టు ధ్రువీకరించే ఉత్తరం బ్యాంకు నుంచి నేరుగా మీకు వచ్చిందా, లేక కంపెనీ తెచ్చి ఇచ్చిందా? కంపెనీ తెచ్చి ఇచ్చిందంటే మళ్లీ తెప్పించమనండి. రెండో ప్రశ్న: మీరు అడిగిన ఏ కాగితం ఇవ్వలేదు? మూడోది అక్కర్లేదు, ఈ రెండు అడిగి మాట్లాడకుండా కూర్చుంటే మిగతాది ఆయనే చెప్తాడు.

కంపెనీ లాభం దీనివల్ల పెరుగుతుందా?

యజమాని మిమ్మల్ని ఈ ప్రశ్న తప్పక అడుగుతాడు, కాబట్టి జవాబు తెలిసి ఉండాలి. అమెరికాలో పెద్ద కంపెనీల మీద సంజయ్ భగత్, బెర్నార్డ్ బ్లాక్ అనే ప్రొఫెసర్లు చేసిన అధ్యయనం 2002లో అచ్చయింది. లాభాలు తగ్గిన కంపెనీలు ఇండిపెండెంట్ డైరెక్టర్లను పెంచుకుంటున్నాయి, కానీ పెంచుకున్నందువల్ల తర్వాత బాగుపడ్డట్టు ఆధారం దొరకలేదని వాళ్లు తేల్చారు. 2010లో డచిన్, మట్సుసాకా, ఓజ్‌బాస్ అనే ముగ్గురు ఇంకొంచెం లోతుకు వెళ్లారు. బయటివాళ్లకు కంపెనీ సంగతులు సులువుగా తెలిసే చోట బయటి డైరెక్టర్లు పెరిగితే ఫలితాలు మెరుగయ్యాయి. తెలుసుకోవడం కష్టమైన చోట ఇంకా దిగజారాయి. లెక్క పెట్టాల్సింది తలకాయలను కాదన్నమాట, వాళ్లకు చేరే సమాచారాన్ని. కాటా దగ్గర నిలబడమని, నెలకో పేజీ రాయించుకోమని పైన చెప్పింది ఇందుకే.

లాభానికి మీరు పనికొచ్చేది దొంగతనం పట్టుకోవడానికి ఒక్కదానికే అనుకోకండి. 2022 వేసవిలో దూది క్యాండీ (సుమారు 356 కిలోలు) ధర లక్ష రూపాయలు దాటింది. ఇంకా పెరుగుతుందని అప్పు తెచ్చి సరుకు పట్టుకున్నవాళ్లకు తర్వాతి నెలల్లో ధర పడిపోయి చేతులు కాలాయి. ధర పెరిగేటప్పుడు ఇంట్లోవాళ్లెవరూ యజమానికి ఎదురు చెప్పరు. కొడుకులకు చెప్పే ధైర్యం ఉండదు, అకౌంటెంటుకు అవసరం ఉండదు. “మన చేతిలో ఎన్ని రోజుల సరుకు దాకా పట్టుకోవచ్చు? బోర్డుకు చెప్పకుండా అది దాటొద్దు” అని ఒక హద్దు రాయించడం బయటి మనిషికే వీలవుతుంది. సరుకు పట్టుకోవద్దని చెప్పడం మీ పని కాదు, వ్యాపారం ఆయనది. హద్దు దాటితే అందరికీ తెలిసి దాటాలి, అంతే.

ఒప్పుకోలేనప్పుడు

మీటింగులో “నాకు ఇది సరిగా అనిపించట్లేదు” అని నోటితో అంటే గాలికి పోతుంది. ఏ తీర్మానానికి ఎవరు ఒప్పుకోలేదో మినిట్స్‌లో (మీటింగులో జరిగింది రాసే రికార్డులో) పేరుతో రాయాలని చట్టం చెప్తోంది. “నా అభ్యంతరం మినిట్స్‌లో రాయండి” అని స్పష్టంగా అనండి. మీటింగ్ అయిన 15 రోజుల్లో డ్రాఫ్ట్ మినిట్స్ మీకు పంపాలి, చూసి ఏడు రోజుల్లో సవరణలు చెప్పొచ్చు. ఈ ఏడు రోజులు వదులుకోకండి. మీరన్నది లేకపోతే ఈమెయిల్ పెట్టండి. వాట్సాప్ సరిపోదు.

ఇదంతా ఎందుకంటే సెక్షన్ 149(12) కోసం. కంపెనీ చేసిన తప్పుకు ఇండిపెండెంట్ డైరెక్టర్ ఎప్పుడు బాధ్యుడవుతాడో అందులో ఉంది: బోర్డు వ్యవహారాల ద్వారా ఆయనకు తెలిసి, ఆయన సమ్మతితోనో లాలూచీతోనో జరిగినప్పుడు, లేదా ఆయన శ్రద్ధగా పనిచేయనప్పుడు. ‘నాకు తెలియదు’ అంటే చాలదు, తెలుసుకోవడానికి ఏం చేశారని అడుగుతారు. అప్పుడు చూపించడానికి మినిట్స్, ఈమెయిళ్లు ఉండాలి.

ఏడాదికి కనీసం ఒకసారి ఇండిపెండెంట్ డైరెక్టర్లు యజమాని, మేనేజరు ఎవరూ లేకుండా విడిగా కలవాలి. ఛైర్మన్ పనితీరుతోపాటు, మీకు అందుతున్న సమాచారం సరిగా, సమయానికి వస్తోందా లేదా అనేది ఆ మీటింగులో చర్చించాలని చట్టంలోని నాలుగో షెడ్యూలులోనే రాసి ఉంది. చాలాచోట్ల దీన్ని కాగితం మీద జరిపించేస్తారు. మీరు నిజంగా జరపండి. ఫ్యాక్టరీలో వద్దు, ఎవరో ఒకరి ఇంట్లో కూర్చోండి.

యజమాని ఇష్టపడకపోతే మిమ్మల్ని తీసేయగలడా? తీసేయగలడు, ఓట్లు ఆయనవే. టాటా గ్రూపులో గొడవ జరిగినప్పుడు 2016 డిసెంబరులో నుస్లీ వాడియాను మూడు కంపెనీల బోర్డుల నుంచి వాటాదారుల ఓటుతో తొలగించారు. ఆయన ఇండిపెండెంట్ డైరెక్టరే. కానీ తొలగించే ముందు మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మన ఊళ్లలో ఇంత దూరం రాదు. ఎజెండా రావడం ఆలస్యమవుతుంది, ఫోన్లు తగ్గుతాయి, పెళ్లి పత్రిక మనిషి చేతికి బదులు కొరియర్లో వస్తుంది. దానికి టెన్షన్ పడాల్సింది లేదు. మీరు పని చేస్తున్నారని ఆయనకు అర్థమైంది.

బయటికి వచ్చేటప్పుడు

ఒక దఫా ఐదేళ్ల దాకా. రెండో దఫాకు వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. రెండు దఫాలయ్యాక మూడేళ్లు ఆగాల్సిందే. ఐదేళ్లూ ఉండి తీరాలనేం లేదు. వరుసగా రెండు మీటింగుల్లో అడిగిన కాగితాలు రాకపోతే, మీ అభ్యంతరం రాసిన మినిట్స్ మారిపోతే, ఆడిటర్ చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే, వచ్చేయండి. ఏడాదిపాటు ఒక్క మీటింగుకూ వెళ్లకుండా ఊరుకుంటే పదవి దానంతటదే పోతుంది, కానీ అలా పోనివ్వడం మంచిది కాదు, శ్రద్ధ లేదనడానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

రాజీనామాలో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాయడం మన అలవాటు, పెద్దమనిషి తరహా. అసలు కారణం వేరే ఉంటే అదే రాయండి, రెండు వాక్యాలు చాలు. లిస్టెడ్ కంపెనీ అయితే కారణాలను ఏడు రోజుల్లో ఎక్స్ఛేంజీకి చెప్పాలి, ఇవి తప్ప వేరే ముఖ్యమైన కారణాలు లేవని మీరు ధ్రువీకరించాలి కూడా. ఉత్తరం కంపెనీకి అందిన రోజు నుంచి గానీ, అందులో మీరు రాసిన తేదీ నుంచి గానీ, ఏది తర్వాతిదైతే అప్పటి నుంచి అది అమల్లోకి వస్తుంది. కాబట్టి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపి, ఈమెయిల్ కూడా చేయండి. మీరున్న కాలంలో జరిగినదానికి మీ బాధ్యత రాజీనామాతో పోదు, అందుకే మీ ఫైలంతా జాగ్రత్త చేసుకోండి.

కంపెనీ 30 రోజుల్లో డైరెక్టర్ల మార్పు తెలిపే డీఐఆర్-12 ఫారం వేసి మీ పేరు తీయించాలి. కొందరు నెలల తరబడి వేయరు. నెల దాటాక ఎంసీఏ పోర్టల్లో ఆ కంపెనీ డైరెక్టర్ల జాబితా తెరిచి చూడండి. మీ పేరు ఇంకా కనిపిస్తుంటే మీరే డీఐఆర్-11 ఫారం దాఖలు చేసుకోవచ్చు, రాజీనామా కాపీ, పంపినట్టు రుజువు జత చేయండి, అందినట్టు కాగితం ఉంటే అదీ పెట్టండి. విజయవాడలోని ఆర్‌ఓసీ (రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్) ఆఫీసుకు కూడా ఒక ఉత్తరం రాసి, దాని నకలు అదే ఫైల్లో పెట్టుకోండి.